ఒంగోలు కర్నూలు రోడ్డులోని ఆటో ఎలక్ట్రికల్ షాపులో పవర్ విండో మరమ్మతు

నవంబరు వానల్లో కొత్తపట్నం నుంచి ఒంగోలుకు తిరిగి వస్తుండగా మా కారు ఎడమవైపు ముందు తలుపు అద్దం కిందికి దిగి మళ్లీ పైకి రాలేదు. ఇల్లు చేరేసరికి మా అమ్మ కూర్చున్న సీటంతా తడిసిపోయింది. మరునాడు వేరొక చోట చూపిస్తే, తలుపు విప్పి చూడకుండానే మోటారు కాలిపోయిందని, మోటారునూ అద్దాన్ని ఎక్కించి దించే మెషీన్‌నూ కలిపి మార్చడానికి 6,500 రూపాయలవుతుందని చెప్పారు. అద్దాన్ని కిందికి దించుతున్నది కూడా అదే మోటారు కాబట్టి ఆ మాట నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. అందుకే ఈ షాపుకు వచ్చాను.

ఇక్కడ మేస్త్రి గారు పనిముట్టు పట్టుకోకముందే ప్రశ్నలు అడిగారు. పక్క సీటు స్విచ్ నొక్కితే ఏమవుతోంది, డ్రైవరు వైపు స్విచ్ నొక్కితే ఏమవుతోంది, తలుపు వేసి తీసినప్పుడు ఏమైనా తేడా కనిపిస్తోందా అని విడివిడిగా తెలుసుకున్నారు. పక్క సీటు స్విచ్‌తో అద్దం దిగుతుంది కానీ ఎక్కదు; డ్రైవరు వైపు స్విచ్‌తో ఎక్కదు, దిగదు; తలుపును రెండు మూడుసార్లు వేసి తీస్తే మాత్రం ఎప్పుడైనా ఒకసారి పైకి వస్తుంది. ఇది విన్నాక ఆయన, "మోటారు బాగానే ఉంది సార్, తలుపు సందులో ఒక వైరు తెగి ఉంటుంది" అన్నారు.

ఆయన అంత నమ్మకంగా ఎలా చెప్పగలిగారో పని జరుగుతుండగా అర్థమైంది. ఇది డీసీ మోటారు కనుక కరెంటు దిశ మారితే తిరిగే దిశ మారుతుంది. మా కారులాంటి పాత తరహా వైరింగులో, ఏ స్విచ్చూ నొక్కనప్పుడు మోటారు వైర్లు రెండూ పక్క సీటు స్విచ్ గుండా డ్రైవరు తలుపులోని మెయిన్ స్విచ్ దాకా వెళ్లి అక్కడ ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్ వైపుకు, కలిసి ఉంటాయి. స్విచ్ నొక్కినప్పుడు వాటిలో ఒకదానికి బ్యాటరీ కరెంటు అందుతుంది, రెండోది తిరుగుదారి అవుతుంది. అద్దాన్ని దించే వైరు రెండు స్విచ్‌ల మధ్య తెగితే, అద్దం ఎక్కడానికి తిరుగుదారి ఉండదు, డ్రైవరు వైపు నుంచి దించడానికి కరెంటు అందదు. పక్క సీటు స్విచ్‌తో దించడం ఒక్కటే మిగులుతుంది. మా కారులో జరుగుతున్నది సరిగ్గా ఇదే.

అయినా ఆయన ఊహతో ఆగిపోలేదు. డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు ఉండే పలక) విప్పి, మోటారు కనెక్టర్ తీసి, ఫ్యూజు పెట్టిన వైర్లతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి, అద్దం రెండు దిశల్లోనూ తడబడకుండా నడుస్తోందని నాకు చూపించారు. తరువాత చేసిన పరీక్షను నేను ఎప్పటికీ మరచిపోను. అనుమానమున్న వైరుకు మల్టీమీటర్ పెడితే దాదాపు 12 వోల్టులు చూపింది. అదే వైరుకు బల్బు టెస్టర్ పెడితే బల్బు మినుకుమినుకుమంటూ వెలిగింది. మీటరు తీసుకునే కరెంటు నామమాత్రం కాబట్టి ఒక్క రాగి పోగు మిగిలి ఉన్నా అది పూర్తి వోల్టేజీనే చూపుతుంది, బల్బుకు నిజమైన కరెంటు కావాలి కనుక లోపం బయటపడుతుంది. మీటరు రీడింగ్ ఒక్కటే చూసి వైరింగు బాగుందని తేల్చేవారు ఈ పరీక్షను తప్పక నేర్చుకోవాలి.

తలుపుకూ బాడీకీ మధ్యనున్న రబ్బరు తొడుగును వెనక్కి లాగి చూస్తే, పై తొడుగు చెక్కుచెదరని ఒక వైరు లోపల రాగి పోగులు దాదాపు అన్నీ తెగి ఆకుపచ్చగా మారి ఉన్నాయి. ఏళ్ల తరబడి తలుపు తీసినప్పుడల్లా వంగే చోటు అది. మేస్త్రి గారు అక్కడే అతికించి టేపు చుట్టలేదు. సోల్డరింగ్ చేసిన చోట వైరు బిరుసెక్కి, దాని పక్కనే మళ్లీ తెగుతుందని చెప్పి, సన్నని పోగులున్న మెత్తని కొత్త వైరు ముక్కను రబ్బరు తొడుగు గుండా దూర్చి, అతుకులు రెండూ వంపు లేని చోట, ఒకటి తలుపు లోపల, మరొకటి బాడీ లోపల, వేసి వాటిపై స్లీవు (కరెంటు తగలకుండా కప్పే గొట్టం) తొడిగారు. అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము తుడిచి సిలికాన్ స్ప్రే కూడా కొట్టారు. గాడి బిగుసుకుంటే మోటారు వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది కనుక ఇది అదనపు హంగు కాదు, అవసరమే.

అంతా కలిపి 850 రూపాయలు తీసుకున్నారు. నాలుగు నెలలైంది, అద్దం రెండు స్విచ్‌లతోనూ సవ్యంగా పనిచేస్తోంది.

లోపాలు లేకపోలేదు. చీమకుర్తి వైపు తిరిగే గ్రానైట్ లారీల పని ఎక్కువగా ఉండటంతో రెండు గంటలు వేచి ఉండవలసి వచ్చింది, కూర్చోవడానికి సరైన నీడ లేదు. కాగితం మీద బిల్లు ఇవ్వలేదు. డోర్ ప్యాడ్ క్లిప్పు ఒకటి విరిగితే దానికి బదులు వేరే కారు క్లిప్పు పెట్టారు, అది కొద్దిగా వదులుగా ఉంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది, తలుపు లోపల అతికించి ఉండే ప్లాస్టిక్ షీటును షాపులోని కుర్రవాడు సగం వదిలేసి ప్యాడ్ బిగించబోయాడు. వాన నీరు కారు లోపలికి రాకుండా ఆపేది ఆ షీటే కాబట్టి నేను అడ్డుపడి మళ్లీ అతికించమన్నాను, మేస్త్రి గారు వెంటనే చేయించారు. ఇక్కడికి వచ్చేవారు ఉదయం పది గంటలకు ముందే రావడం, ప్యాడ్ బిగించేటప్పుడు పక్కనే నిలబడి ఆ షీటును చూసుకోవడం మంచిది.