వారం రోజుల విదేశీ యాత్రా, ఏడాది పొడవునా కలిసి కొలవడమా: ఏది మేలు?

కోనసీమ ఉన్నత పాఠశాలల్లో ఇరవై రెండేళ్లు భౌతికశాస్త్రం చెప్పిన నాకు, సంక్రాంతికి సొంతూరు వచ్చిన ప్రవాసులెవరైనా బడికి కొంత సొమ్ము ఇస్తామన్నప్పుడల్లా ఒకే ప్రశ్న ఎదురయ్యేది. పిల్లలకు సైన్సు మీద, సాంకేతిక విద్య మీద మక్కువ కలగడానికి విదేశీ విద్యార్థులతో పరిచయం ఉపయోగపడుతుందని అందరూ ఒప్పుకునేవారు. అయితే ఆ సొమ్ముతో చురుకైనవాళ్లను ఒకరిద్దరిని విదేశానికి పంపాలా, లేక తరగతి మొత్తాన్నీ పరాయి దేశపు పాఠశాలతో కలిపి ఏడాది పొడవునా ఏదైనా పని చేయించాలా అన్న దగ్గర మాట కుదిరేది కాదు.

యాత్రకున్న బలాన్ని తక్కువ చేయలేము. జపాన్ శాస్త్ర సాంకేతిక సంస్థ 2014లో ప్రారంభించిన సకురా సైన్స్ కార్యక్రమం కింద ఉన్నత పాఠశాల విద్యార్థులను సుమారు వారం రోజులపాటు ఆ దేశానికి పిలిపించి, విశ్వవిద్యాలయాలను, పరిశోధనశాలలను, సైన్స్ మ్యూజియంలను చూపిస్తారు. ఖర్చు ఆ దేశమే భరిస్తుంది. మన దేశం నుంచి ప్రభుత్వ పాఠశాలల పిల్లలు కూడా వెళ్తున్నారు. బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం నిర్వహించే, నమూనా తయారీకి పదివేల రూపాయలిచ్చే ఇన్‌స్పైర్ మానక్ పోటీలో జాతీయ స్థాయికి చేరి గెలిచినవారికి ఈ అవకాశం దక్కిన సందర్భాలున్నాయి. బడికి రావడానికే పంటు ఎక్కి గోదావరి పాయ దాటే లంక గ్రామపు అమ్మాయి, పరిశోధనశాలలో ఒక శాస్త్రవేత్త పక్కన నిలబడి పరికరాన్ని తన చేత్తో తాకినప్పుడు కలిగే ధైర్యం ఏ పాఠం వల్లా కలగదు. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి చదువుకోవడానికి కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇచ్చిన హామీ తోడ్పడింది కనుక, ఒక్కరిని పంపడం దండగ అనేవారికి ఆ ఒక్క పేరు చాలు. అయితే ఆయన వారం రోజులకని వెళ్లలేదు, వెళ్లాక తిరిగి రానూ లేదు.

చిక్కల్లా ఎంపిక దగ్గరే వస్తుంది. పోటీలో నెగ్గి విమానమెక్కే విద్యార్థికి సైన్సు మీద ఆసక్తి అప్పటికే ఉంటుంది. కొత్తగా కలిగించాల్సింది వెనక బెంచీలో కూర్చున్న మిగతా యాభై మందికి. వాళ్లకు దక్కేది ప్రార్థన సమావేశంలో ఒక ప్రసంగం, నోటీసు బోర్డు మీద నాలుగు ఫొటోలు. వెళ్లి వచ్చినవాడు చెబుతుంటే పిల్లలు వింటారు, చప్పట్లు కొడతారు, మొదటి పీరియడ్ గంట మోగగానే మరిచిపోతారు.

రెండో మార్గాన్ని తూచడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే: అవతలి పాఠశాల లేకపోతే జవాబు దొరకని ప్రశ్న అయి ఉండాలి. రెండు బడుల పిల్లలు తెర మీద కనిపించి పేర్లు చెప్పుకుని, పాటలు పాడుకుని ముగించే పరిచయాల వల్ల సైన్సుకు ఒరిగేది లేదు. భూమి చుట్టుకొలతను నీడతో కొలవడం మాత్రం ఈ పరీక్షకు నిలుస్తుంది. అమలాపురం దాదాపు 16.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, జపాన్‌లోని త్సుకుబా దాదాపు 36.1 డిగ్రీలపై ఉన్నాయి. డిసెంబరు 21 ప్రాంతంలో, ఎవరి ఊరి నడిమధ్యాహ్నం వేళ వారు మీటరు పొడవున్న కర్రను నిట్టనిలువుగా నాటితే, మన దగ్గర సుమారు 84 సెంటీమీటర్లు, అక్కడ సుమారు 170 సెంటీమీటర్లు నీడ పడుతుంది. ఆ నీడల నుంచి వచ్చే కోణాలు 40, 59.5 డిగ్రీలు. తేడా 19.5 డిగ్రీలు. రెండు అక్షాంశాల మధ్య ఉత్తర దక్షిణంగా ఉన్న దూరం పటం మీద సుమారు 2,165 కిలోమీటర్లు కనుక, 360 డిగ్రీల పూర్తి వలయానికి దాదాపు నలభై వేల కిలోమీటర్లు వస్తుంది. ఒక బడి తన నీడను ఎంత జాగ్రత్తగా కొలిచినా ఈ సంఖ్య ఒంటరిగా రాదు.

ఇందులో నాకు మరింత నచ్చేది పిల్లలు చేసే తప్పు. అమలాపురం నుంచి త్సుకుబాకు నేరుగా ఉన్న దూరం, అంటే సుమారు ఆరు వేల కిలోమీటర్లు, లెక్కలో వేస్తే భూమి చుట్టుకొలత లక్ష కిలోమీటర్లు దాటిపోతుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుక్కుంటూ గ్లోబును తిప్పి చూసేటప్పుడు అక్షాంశానికీ రేఖాంశానికీ తేడా బుర్రకెక్కినంతగా సాంఘికశాస్త్రం పుస్తకం చదివినప్పుడు ఎక్కదు. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు చేరువలోనే పోతుంది కాబట్టి మన గడియారంలో పన్నెండుకూ, నీడ అతి పొట్టిగా ఉండే అసలు మధ్యాహ్నానికీ తేడా ఏడాదిలో ఏ రోజైనా పావుగంటకు పెద్దగా మించదు. డెల్టా పిల్లలకు ఇది అయాచితంగా దక్కిన సౌకర్యం.

ఇలాంటి పనికి తయారుగా ఉన్న వేదికలూ లేకపోలేదు. 1995లో మొదలైన గ్లోబ్ కార్యక్రమంలో నూటికి పైగా దేశాల పాఠశాలలు ఉష్ణోగ్రత, మేఘాలు, నీరు, నేలలకు సంబంధించిన కొలతలను ఒకే పద్ధతిలో తీసి ఒకే చోట నమోదు చేస్తాయి. భారతదేశం 2000లో అందులో చేరింది.

అయితే భాగస్వామి ఎవరన్నది కూడా ఆలోచించాలి. అందరి చూపూ జపాన్, అమెరికాల మీదే ఉంటుంది గానీ మన బతుకుకు దగ్గరైన దేశం వియత్నాం. మెకాంగ్ డెల్టాలోనూ వరి, కొబ్బరి, వనామీ రొయ్యల చెరువులే జీవనాధారం. అక్కడా ఎండాకాలంలో నదిలో ప్రవాహం తగ్గగానే సముద్రపు పోటుకు ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది, 2016, 2020 సంవత్సరాల్లో అది మరీ తీవ్రమైంది. మన దగ్గర చెరువుల రైతులు చాలామంది వాడే రిఫ్రాక్టోమీటరుతో, వారానికొకసారి ఒకే వేళకు, పంటకాలువ నీటిలోనూ డ్రెయిన్ నీటిలోనూ ఉప్పు శాతం కొలిచి రెండు డెల్టాల గీతలను ఒకే కాగితం మీద గీస్తే, ఆ గీత ఎందుకు లేచిందో చెప్పడానికి ఇంటి దగ్గర నాన్నను అడగాల్సి వస్తుంది. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోత మధ్య పెరిగిన పిల్లవాడికి తన ఊరి గొడవ కూడా సైన్సేనని తెలిసేది ఆ రోజే. నీడల లెక్కకు అక్షాంశాల తేడా ఎక్కువగా ఉన్న జపాన్ మేలు, ఉప్పు లెక్కకు వియత్నాం మేలు. కాలం విషయంలోనూ వియత్నాం మనకంటే గంటన్నర మాత్రమే ముందుంటుంది, జపాన్ మూడున్నర గంటలు. అమెరికా పిల్లలతో మాట్లాడాలంటే ఎవరో ఒకరు నిద్ర మానుకోవాలి.

ఈ మార్గంలో కష్టాలు యాత్ర కంటే ఎక్కువే. మొదలుపెట్టిన ఉపాధ్యాయుడికి మధ్యలో బదిలీ అయితే పని అక్కడే ఆగుతుంది. ఉప్పు బాగా ఎగదన్నే మే నెలలో మనకు వేసవి సెలవులు, కొన్ని కాలువలు కట్టేసే కాలమూ అదే. ఇంగ్లిషులో మాట్లాడడానికి మన పిల్లలు జంకుతారు; అయితే వియత్నాం పిల్లలకూ అది పరాయి భాషే కనుక, ఇద్దరూ అంకెలు, బొమ్మలతో నెట్టుకొస్తారు. అన్నిటికంటే పెద్ద చిక్కు, కొలవడం మరిచిన వారం పక్కింటి అంకెను ఎక్కించేయడం. ఈ అలవాటును మొదటి నెలలోనే పట్టుకోకపోతే ఏడాది పనీ వృథా.

అంతర్జాతీయ ఒలింపియాడ్లు, అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములతో హ్యామ్ రేడియోలో పది నిమిషాలు మాట్లాడించే కార్యక్రమాలు కూడా ఉన్నాయి. మొదటివి ఇప్పటికే బాగా చదివేవారికి. రెండోవి మంచి ముచ్చట.

నా తీర్పు ఇలా ఉంటుంది. దాత ఇచ్చిన సొమ్ము ముందు రిఫ్రాక్టోమీటర్లకు, థర్మామీటర్లకు, నెట్ కనెక్షనుకు, ఇద్దరు ఉపాధ్యాయుల శిక్షణకు పోవాలి. ఒకరే ఉంటే బదిలీ దెబ్బ తప్పదు. యాత్రకు సొంత సొమ్ము ఖర్చు పెట్టకుండా, అవతలి దేశమే భరించే సకురా వంటి అవకాశాలకు దరఖాస్తు చేసుకోవాలి. ఎంపిక మన చేతిలో ఉన్నంత మేరకు, మార్కులకంటే ఏడాది పాటు కొలతల పుస్తకంలో ఖాళీ వదలని విద్యార్థికి మొదటి స్థానం ఇవ్వాలి. అలాంటి వాడు అక్కడికి అడగాల్సిన ప్రశ్నలతో వెళ్తాడు, తిరిగొచ్చి చెప్పేది కూడా తనతో కలిసి కొలిచినవాళ్లకే. పనిని పదో తరగతితో మొదలుపెట్టకూడదు, మార్చి పరీక్షల భయం దేన్నీ మిగలనివ్వదు. ఎనిమిదో తరగతి సరైనది, డిసెంబరు మూడో వారం సరైన సమయం: మన ఆకాశం సాధారణంగా తేటగా ఉంటుంది, జపాన్ తూర్పు తీరంలోనూ అది ఎండ కాసే పొడి కాలమే, కర్ర కావాలంటే బడి వెనక కొబ్బరితోటలో మట్టలకు కొదవ లేదు.