పీఆర్‌కే చేయించుకుని ఎనిమిదేళ్లయింది

"లాసిక్ చేయించుకున్నావట కదా, ఎలా ఉంది?" అని ఎవరైనా అడిగితే ముందు ఆ మాట సరిదిద్దుతాను. నాది లాసిక్ కాదు, పీఆర్‌కే. లేజర్‌తో సైట్ తీసే పద్ధతి ఏదైనా జనం నోట్లో లాసిక్కే. నేనూ అలాగే అనుకుని వెళ్లాను.

అప్పటికి నాకు 34 ఏళ్లు. రెండు కళ్లకీ మైనస్ 5.5, రెండేళ్లుగా మారలేదు. మొదట వెళ్లిన చోట కన్ను కొలవకముందే ప్యాకేజీల కాగితం చేతిలో పెట్టారు. ఖరీదైనది ఎందుకు మంచిదో అరగంట చెప్పారు గానీ, కాంటాక్ట్ లెన్స్ వాడుతున్నారా, ఎప్పుడు ఆపారు అని ఒక్కరూ అడగలేదు. లెన్స్ వాడితే కార్నియా, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొర, ఆకారం తాత్కాలికంగా మారుతుంది. అది సర్దుకోకముందు తీసిన కొలతల్ని నమ్మలేం. ఈ సంగతి రెండో చోట డాక్టర్ చెబితే తెలిసింది. ఆమె లెన్స్ మాన్పించి రెండు వారాలాగి రమ్మన్నారు.

కొలిస్తే నా కార్నియా మందం 485 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). సగటున 540 దాకా ఉంటుంది. ఆమె కాగితం మీద లెక్క వేసి చూపించారు. లాసిక్‌లో ముందు పల్చటి మూతలాగా ఫ్లాప్ లేపుతారు, దానికి 110. నా పవర్ పోవడానికి లేజర్ చెక్కేది, ఒక్కో డయాప్టర్‌కి, అంటే ఒక్కో పవర్ అంకెకి, 15 చొప్పున, 83 దాకా. కింద మిగిలేది 292. కనీసం 250 ఉండాలంటారు, ఈమె మాత్రం 300కి తగ్గనివ్వనన్నారు. మరీ పల్చబడితే కార్నియా కొన్నేళ్లకి ముందుకు ఉబ్బే ప్రమాదం ఉంది. పీఆర్‌కేలో ఫ్లాప్ ఉండదు. పైనున్న 50 మైక్రాన్ల పొర గీకేసి నేరుగా చెక్కుతారు, ఆ పొర మళ్లీ పెరుగుతుంది. అలా చేస్తే 352 మిగులుతుంది. స్మైల్ అని ఇంకో లేజర్ పద్ధతి ఉంది, దాని సంగతీ అడిగాను. 2 నుంచి 4 మిల్లీమీటర్ల చిన్న కోతలోంచి కార్నియా లోపల లేజర్ కోసిన పల్చటి పలకని లాగేస్తారు గానీ, అదే పవర్‌కి కాస్త ఎక్కువ మందం తీయాల్సి వస్తుందట. ఇక ఎంచుకోవడానికి నాకేమీ మిగల్లేదు. ఒకందుకు హాయిగానే అనిపించింది.

లేజర్ కంటికి నిమిషం కూడా పట్టలేదు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది, అంతే. అసలు కథ ఇంటికొచ్చాక. రెండో రోజు, మూడో రోజు కళ్లలో కారం కొట్టినట్టు మంట. వెలుతురు చూడలేను, నీళ్లు కారుతూనే ఉన్నాయి. నొప్పి బిళ్లలు మింగి చీకటి గదిలో పడుకున్నాను. పైన పెట్టిన బ్యాండేజ్ లెన్స్ ఐదో రోజు తీశారు. మంట పోయింది, చూపు మాత్రం రాలేదు! ఈ ముక్క ముందుగా ఎవరూ గట్టిగా చెప్పరు. ఒకరోజు బాగుంటుంది, మర్నాడు అంతా అలికేసినట్టు. పదో రోజున పనిలో కూర్చున్నాను, అదీ స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవి చేసుకుని. చూపు నిలకడ పడటానికి మూడు నెలలు పట్టింది. కార్నియా మీద మసక కమ్మకుండా అన్నాళ్లూ స్టెరాయిడ్ చుక్కలు తగ్గించుకుంటూ వేశాను, నల్లద్దాలు లేకుండా ఎండలోకి వెళ్లలేదు.

మా అక్క లాసిక్ చేయించుకున్న మర్నాడే గోడ గడియారం చూసి టైమ్ చెప్పింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఏడాదిన్నర పాటు కళ్లు పొడిబారి, అక్క చుక్కల సీసా లేకుండా గడప దాటలేదు. ఫ్లాప్ కోసేటప్పుడు కార్నియాలోని నరాలు తెగుతాయి, కన్నీళ్లు ఊరమని కబురు పంపేవి అవే. నాకూ పొడిబారింది గానీ ఆరు నెలల్లో తగ్గింది. స్మైల్ చేయించుకున్న మిత్రుడికి ఆ బాధ పెద్దగా లేదు. మిగిలిపోయిన కొంచెం పవర్ సరిచేయాల్సి వచ్చినప్పుడు మాత్రం మళ్లీ స్మైల్ కుదరక అతనికి పీఆర్‌కే చేశారు. ఆ కారం మంట అతనికీ తప్పలేదు. ఇంకోటి, గట్టి దెబ్బ తగిలితే ఏళ్ల తర్వాత కూడా ఫ్లాప్ పక్కకి జరిగిపోవచ్చు. అందుకే అక్క పిల్లలతో బంతాటకి రాదు. నా కంటికి ఓసారి బంతి తగిలింది. రెప్ప వాచింది, అంతకు మించి టెన్షన్ లేదు.

ఇప్పుడు నాకు 42. దూరపు చూపుకి పవర్ కుడికంటికి సున్నా, ఎడమకంటికి మైనస్ 0.5. రాత్రి బండి నడిపేటప్పుడు ఎదుటి లైట్ల చుట్టూ కనిపించే వలయాలు వాన పడితే తప్ప గుర్తుకు రావు. కొత్తగా వచ్చింది చత్వారం. మందు సీసా మీద అక్షరాలు చదవాలంటే చెయ్యి చాపాల్సి వస్తోంది. కంటి లోపలి సహజ లెన్స్ బిగుసుకుపోవడం వల్ల వచ్చేది ఇది, కార్నియా చెక్కితే ఆగదు. మైనస్ సైట్ ఉన్నవాళ్లు ఈ వయసులో కళ్లజోడు తీసేసి చదువుకుంటారు. ఆ సౌకర్యం నేను వదులుకున్నాను. 34 ఏళ్లప్పుడు ఇది తెలిసినా చేయించుకునేవాణ్ణే. నలభైకి దగ్గర పడి అడిగేవాళ్లకి మాత్రం తొందరపడకండి అంటాను.

పోయిన చెకప్‌లో డాక్టర్ ఎడమకంటి మైనస్ 0.5 కూడా తీసేద్దామా అన్నారు. వద్దన్నాను. మందు సీసా చదువుతున్నది ఆ కంటితోనే.