కాశ్మీర్ డ్యూటీ నుంచి వచ్చిన కొడుకు, టాపు లేని కారు

టాపు తెరుచుకునే ఈ రెండు సీట్ల కారు నా దగ్గర కొన్నేళ్లుగా ఉంది. బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజను పవర్, వందకు ఎన్ని సెకన్లు లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది టాపు గురించే. మా వాడు సెలవు మీద వచ్చిన రాత్రి దాకా దాని విలువ నాకు పూర్తిగా తెలియదు.

మాది అనంతపురం. చీనీకాయల లోడ్లు తోలే లారీలున్నాయి. వాడు బెంగళూరు ఎయిర్‌పోర్టులో దిగుతానని ఫోన్ చేస్తే ఈ కారులోనే తెచ్చుకోవాలని ముందే అనుకున్నాను. చిక్కేమిటంటే టాపు మడిస్తే అది డిక్కీలోకే పోతుంది, ఇక అక్కడ చిన్న బ్యాగు తప్ప ఏమీ పట్టదు. మూడో సీటు ఎలాగూ లేదు. 'కన్నకొడుకును తీసుకురాను పోతూ నాకు చోటు లేని బండి ఎందుకు తీస్తావు' అని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. చివరకు ఆమె, వాడి సామాను మా బామ్మర్ది ఇన్నోవాలో, నేనూ వాడూ ఈ కారులో.

కొడికొండ చెక్‌పోస్టు దాటాక పక్కన ఆపి టాపు తీశాను. చలికాలం, రోడ్డు ఖాళీ. అద్దాలు పైకెత్తి ఎనభై లోపల పోతే గాలి తల మీదుగానే పోతుంది, గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. కాళ్ల దగ్గర హీటర్ పెట్టుకుంటే చలి కూడా తెలియదు. కానీ వాడు మాట్లాడలేదు. సోమందేపల్లి దాటాక గమనించాను, ప్రతి కల్వర్టు దగ్గరా వాడి తల అటు తిరుగుతోంది. కాశ్మీర్‌లో ఖాజీగుండ్ వైపు కాన్వాయ్ కదలకముందే తెల్లవారుజామున రోడ్డు వెంట నడుస్తూ బాంబులేమైనా ఉన్నాయేమోనని కల్వర్టుల కింద వెతకడం వాడి డ్యూటీ. 'అదీ ఈ రోడ్డే నాయనా' అన్నాడు. మా లారీ వాళ్లం ఇంకా ఏడో నంబరు రోడ్డనే అంటాం కానీ 2010లో నంబర్లు మార్చినప్పటి నుంచి శ్రీనగర్ మొదలు కన్యాకుమారి దాకా 44 ఒకటే.

ఇక్కడ ఇంకో మాట. స్పోర్ట్ మోడ్‌లో యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్ టపటపా పేలినట్టు మోగుతుంది. ఈ కారులో నాకు అన్నిటికంటే నచ్చిందని అందరికీ చెప్పింది ఆ శబ్దమే. పెనుకొండ దగ్గర లారీని దాటి కాలు తీయగానే అది మోగింది, వాడి చెయ్యి గబుక్కున డోర్ హ్యాండిల్ మీదికి పోయింది. వాడేమీ అనలేదు, నేనూ అడగలేదు, నార్మల్ మోడ్‌కు మార్చేశాను. శబ్దం బాగుంటుందన్న మాట ఇప్పటికీ అంటాను, పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకుని.

కాసేపటికి వాడే తల వెనక్కి ఆనించి పైకి చూస్తూ మొదలుపెట్టాడు. అక్కడ బండిలో కూర్చుంటే బయట కనపడేది చారెడు అద్దంలోంచేనట, తల మీద ఏమీ లేకుండా రోడ్డు మీద పోయి ఎన్నాళ్లయిందో అన్నాడు. ఇక మరూరు టోల్ దాకా ఆపలేదు. తిండి, మంచు, తోటివాళ్లు, ఫోన్లో ఎప్పుడూ చెప్పనివన్నీ చెప్పాడు. ఆ గంట కోసం నేను ఈ కారుకు పెట్టిన ప్రతి రూపాయీ పెట్టొచ్చు.

మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్‌కు అడుగు గీసుకుంది, అది మామూలే. ఇన్నోవా ముందే చేరింది కాబట్టి వాళ్లమ్మ ఎర్రనీళ్లు కలిపి దిష్టి తీయడానికి గుమ్మంలో రెడీగా ఉంది.

కొనమంటారా అంటే నా సంగతి వేరు. ఇంట్లో ఇంకో బండి ఉంది, లోడ్ల పని మీద బెంగళూరు పోతూనే ఉంటాను కాబట్టి సర్వీసుకు ఇబ్బంది లేదు. అనంతపురం ఎండకు పగలు టాపు తీసే మాటే ఉండదు, ఏడాదిలో పనికొచ్చేది నాలుగు నెలల రాత్రులు. ఒక్కటే కారు పెట్టుకోవాలనుకునే ఇంటికైతే వద్దంటాను. మా వాడు మాత్రం అమ్మొద్దన్నాడు, వచ్చే సెలవుకు వాళ్లమ్మను పక్కన కూర్చోబెట్టుకుని తానే నడుపుతాడట, సామానుతో ఇన్నోవాలో రావడం ఈసారి నా వంతు.