రోడ్డు కంటే ముందు కాలువ: ఒక చిన్న పట్టణపు ఇంజినీరింగ్ విభాగంపై సమీక్ష

విజయనగరం చుట్టుపక్కల పెరుగుతున్న చిన్న పట్టణాలలో ఒకదానిలో పురపాలక ఇంజినీరింగ్ విభాగం ఇంటి పన్ను, నీటి పన్ను కట్టేవారికి ఎలాంటి సేవ అందిస్తున్నదో ఈ సమీక్షలో రాస్తున్నాను. ఊరి పేరు గాని, ఆ విభాగాన్ని నడుపుతున్న అధికారి పేరు గాని చెప్పడం లేదు. లోపాలు కూడా రాయవలసి ఉన్నందున అదే మర్యాద అనుకుంటున్నాను. ఇదే పనిలో మరొక జిల్లాలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా), డీఈగా (డిప్యూటీ ఇంజినీరుగా) పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కనుక ఏది అధికారి చేతిలో ఉన్నదో, ఏది లేదో నాకు కొంత తెలుసు. నీటి సరఫరాకు, కాలువలకు మంచి మార్కులు వేస్తాను. రోడ్డు కోతల పూడ్పుకు, ప్రజలకు సమాచారం చెప్పడానికి తక్కువ మార్కులే పడతాయి. మొత్తం మీద అయిదుకు మూడున్నర ఇవ్వవచ్చు.

బయటివారికి ఇంజినీరింగ్ విభాగం అంటే రోడ్లు వేసే కార్యాలయమే. నిజానికి మంచినీరు, మురుగు కాలువలు, కల్వర్టులు, వీధి దీపాలు, పార్కులు, శ్మశానవాటికలు, పురపాలక భవనాలు అన్నీ దాని కిందికే వస్తాయి. చిక్కేమిటంటే ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు యజమానులు ఉంటారు. మా పట్టణంలో ప్రధాన రహదారి ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల) శాఖది, దాని పక్కనున్న కాలువ పురపాలక సంఘానిది, స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది, ఆ స్తంభం మీది దీపం మళ్లీ పురపాలక సంఘానిది. గుంత ఎవరిదైనా తిట్లు మాత్రం మున్సిపాలిటీకే వెళతాయి. ఈ కార్యాలయంలో నాకు నచ్చిన మొదటి విషయం ఇక్కడే ఉంది. తమది కాని పని గురించి ఫిర్యాదు వచ్చినప్పుడు 'మాది కాదు' అని పంపించివేయకుండా, ఎవరిదో చెప్పి, ఆ శాఖకు తామే లేఖ రాసి, దాని నకలు ఫిర్యాదుదారుకు ఇస్తున్నారు. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలైనప్పటి నుంచి వాటిలో ఎమినిటీస్ కార్యదర్శులు (నీరు, రోడ్లు, దీపాల వంటి సౌకర్యాలు చూసేవారు) ఉంటున్నారు కనుక ఈ పద్ధతి కష్టమైనది కాదు. అయినా అది జరుగుతున్నదా లేదా అన్నది పైనున్న అధికారి రోజూ అడుగుతున్నాడా లేదా అన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంత చిన్న పట్టణంలో ఇంజినీరింగ్ అధికారికి డబ్బు మీద పెద్దగా అధికారం ఉండదు. పరిపాలనా ఆమోదం కౌన్సిల్‌ది, పెద్ద పనులకు సాంకేతిక మంజూరు పైస్థాయి ఇంజినీర్లది, బిల్లు చెల్లింపు ఖజానాది. అతని చేతిలో మిగిలేది పనుల వరస. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న నిర్ణయంలోనే అతని సమర్థత బయటపడుతుంది. మా ప్రాంతంలో చాలాచోట్ల ముందు సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డు పడుతుంది, ఆరు నెలలకు పైపు కోసం దాన్ని కోస్తారు, ఏడాదికి కాలువ కట్టడానికి అంచు పగలగొడతారు. రోడ్డుకు శిలాఫలకం ఉంటుంది, పైపుకు ఉండదు కనుక ఈ తలకిందుల వరసకు కారణం వెతకనక్కరలేదు.

ఈ అధికారి మా మెయిన్ బజారు వీధిలో ఆ వరసను సరిచేశారు. రోడ్డు మంజూరై ఉన్నప్పటికీ ముందుగా కింద ఉన్న పాత ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపును తీయించి కొత్త లైను వేయించారు. ప్రతి ఇంటి కనెక్షన్‌నూ రోడ్డు అడుగు నుంచి అంచు దాకా తెప్పించి పెట్టించారు. ఇంకా కుళాయి లేని ఇళ్లకు, ఖాళీ స్థలాలకు కూడా అడ్డంగా ఒక గొట్టం వేసి మూత బిగించారు. తర్వాత రెండు వైపులా కాలువలు కట్టించారు. ఆ కాలువలను కూడా వీధి మొదటి నుంచి కాకుండా, నీరు చివరకు కలిసే గెడ్డ (వాగు) దగ్గర నుంచి వెనక్కు కట్టుకుంటూ వచ్చారు. పై నుంచి కట్టుకుంటూ పోతే చివరికి వచ్చేసరికి వాలు చాలక, గెడ్డ నీటిమట్టం కంటే కాలువ అడుగు కిందికి పోయి, వానాకాలంలో నీరు వెనక్కు తంతుంది. ఈ సంగతి తెలియని మేస్త్రీ ఉండడు. అయినా పై నుంచి కట్టినవే మన ఊళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే అడిగేవారి ఇళ్లు పైనే ఉంటాయి.

రోడ్డు విషయంలో ఇంకొక మంచి పని జరిగింది. పాత రోడ్డు మీదే మళ్లీ 150 మిల్లీమీటర్ల సీసీ పోస్తూ పోతే రెండు మూడు విడతలకు వీధి అరుగుల ఎత్తుకు వస్తుంది, గుమ్మాలు పల్లంలో పడతాయి, వాన నీరు ఇళ్లలోకి దారి చూసుకుంటుంది. ఇక్కడ పాత పొరను తవ్వి తీయించి, కింద గ్రావెల్ గట్టిపరచి, పాత మట్టానికే కొత్త రోడ్డు పోయించారు. కాంక్రీటు గట్టిపడ్డాక దాని మీద అడ్డకట్టలు కట్టి నీళ్లు నిలిపారు. అడ్డంగా జాయింట్లు సకాలంలో కోయించారు. జాయింట్లు ఆలస్యమైతే కాంక్రీటు తన ఇష్టం వచ్చిన చోట పగులుతుంది. ఇవన్నీ నిబంధనలలో ఉన్నవే, గొప్ప ఆవిష్కరణలు కావు. అయితే దీనికి వీధివాసులు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. రెండు ఎండాకాలాలు దుమ్ములోనే గడిచాయి, దుకాణదారులు కార్యాలయం ముందు బైఠాయించారు, అధికారిని బదిలీ చేయించాలని కూడా కొందరు తిరిగారు. ఆలస్యానికి కారణం ఏమిటో చెప్పే బోర్డు ఒక్కటి వీధి మొదట పెట్టి ఉంటే సగం గొడవ తగ్గేదని నా అభిప్రాయం.

నీటి సరఫరా చంపావతి నది ఇసుకలో దింపిన ఊట బావుల నుంచి వస్తుంది. ఇలాంటి బావులకు ప్రాణం చుట్టూ ఉన్న ఇసుకే. ఇసుక పొర పలచబడితే నీరు నిలవదు, వడపోత కూడా సరిగా జరగదు. అందువల్ల బావుల చుట్టూ ఇసుక తవ్వకాలను ఆపించడం నీటి పనిలో భాగమే. ఈ కార్యాలయం ఆ విషయంలో రెవెన్యూ అధికారులకు లేఖలు రాసి ఊరుకోకుండా తమ మనిషిని కాపలా పెట్టింది. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాలకు మనిషికి రోజుకు 135 లీటర్లు, లేని చోట 70 లీటర్లు అన్నది 1999 నాటి జాతీయ మాన్యువల్ పెట్టిన ప్రమాణం. మాకు భూగర్భ మురుగు వ్యవస్థ లేదు. అయితే సగటు లెక్క చూసి సంతోషపడితే లాభం లేదు, ఎందుకంటే ట్యాంకు పక్కనున్న ఇంటికి బిందెలు పొంగి పొర్లుతుంటే చివరి వీధిలో కుళాయి గాలి వదులుతుంది. వాల్వ్ ఆపరేటర్ ఏ వాల్వును ఎన్ని గంటలకు తిప్పాడో రాసే పుస్తకం పెట్టించడం, ఆ పుస్తకాన్ని చివరి వీధిలోని ఒక గృహిణి సంతకంతో సరిచూడడం ఇక్కడ నేను చూసిన మంచి ఏర్పాటు. క్లోరిన్ పరీక్ష కూడా ట్యాంకు దగ్గర కాకుండా చివరి కుళాయి దగ్గరే చేస్తున్నారు. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది ప్రమాణం. కుళాయికి నేరుగా మోటారు బిగించేవారిపై మాత్రం చర్య మొహమాటంగానే సాగుతున్నది. నోటీసులు ఇస్తున్నారు గాని మోటారు తీయించిన సందర్భం నాకు కనబడలేదు.

వీధి దీపాల గురించి ఎక్కువగా రాయడానికి ఏమీ లేదు. ఎల్ఈడీలు బాగానే వెలుగుతున్నాయి. స్తంభం నంబరుతో ఫిర్యాదు ఇస్తే మర్నాటికో ఆ మర్నాటికో మారుస్తున్నారు.

వానాకాలం మాట వేరు. ఉత్తరాంధ్రలో ఇంజినీరింగ్ అధికారికి అక్టోబరు నెల పరీక్ష నెల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటి శ్రీకాకుళం జిల్లాను కుదిపివేసింది, 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తుపాను తర్వాత ప్రజలు ముందుగా అడిగేది మంచినీరు. ఆ నీరు ఆగేది పైపులు పగిలినందువల్ల కంటే కరెంటు పోయి మోటార్లు ఆగినందువల్లే ఎక్కువ. ఈ కార్యాలయం ఎండాకాలం చివరి నుంచే డీజిల్ జనరేటరును వారానికొకసారి తిప్పి చూస్తున్నది. జేసీబీ, చెట్లు కోసే రంపపు మిషన్లు, ట్యాంకర్లు ఎవరి దగ్గర దొరుకుతాయో ముందే మాట్లాడుకుని, ఆ జాబితాను పంప్‌హౌస్ గోడకు అంటించి ఉంచింది. అవసరమైన రాత్రి అధికారి అందుబాటులో లేకపోయినా ఫిట్టర్ ఆ జాబితా చూసి ఫోన్ చేయగలడు.

పూడికతీత కూడా నైరుతి వానలకు ముందే పూర్తవుతున్నది. చాలా ఊళ్లలో కాలువ గట్టున పోసిన పూడిక మొదటి వానకే మళ్లీ కాలువలోకి జారుతుంది, డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. ఇక్కడ పూడిక కాస్త ఆరగానే ట్రాక్టరుతో ఎత్తించివేస్తున్నారు. ఎత్తిన ట్రిప్పులకే బిల్లు రాయాలన్న షరతు పెట్టినందువల్లే ఇది సాధ్యమైందని తెలిసింది.

పండుగల ఒత్తిడి గురించి కూడా చెప్పాలి. విజయనగరంలో విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరుగుతుంది కనుక అక్కడ రోడ్ల పనులకు తేదీ అమ్మవారే నిర్ణయించినట్టు ఉంటుంది. మా చిన్న పట్టణంలో గ్రామదేవత పండుగకు అదే హడావుడి. పండుగకు ముందు ఎలాగైనా గుంతలు పూడ్చాలని అడుగుతారు, తడి నేల మీద తారు పోస్తారు, అమ్మవారి ఊరేగింపు తిరిగి వచ్చేలోపే అది లేచిపోతుంది. తారుకూ నీటికీ పొత్తు కుదరదు. ఈ అధికారి వానలలో తారు ముట్టుకోకుండా గుంతలను మెటల్‌తో (కంకరతో), వెట్‌మిక్స్‌తో (నీటితో తడిపి కలిపిన కంకర మిశ్రమంతో) గట్టిగా నింపించి, తారు పనిని సంక్రాంతి ముందటి పొడి రోజులకు వాయిదా వేశారు. పండుగ రోజున రోడ్డు నల్లగా మెరవలేదని పెద్దలు చిన్నబుచ్చుకున్నారు గాని, ఆ గుంతలు తర్వాత లేవలేదు.

ఇక లోపాలు. కొత్త కుళాయి కనెక్షన్ కోసం రోడ్డు కోసినప్పుడు పునరుద్ధరణ రుసుము ముందే వసూలు చేస్తారు, కాని ఆ కోత నెలల తరబడి మట్టితోనే ఉంటుంది. గుంతను పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నింపకుండా ఒక్కసారిగా మట్టి తోసివేస్తారు కనుక అది దిగిపోయి, ద్విచక్ర వాహనాలు పడే గాడి అవుతుంది. మా ఇంటి ముందు కోత పరిస్థితి కూడా ఇదే. రుసుము రశీదు పట్టుకుని తిరిగినా 'అన్నీ కలిపి ఒకేసారి చేయిస్తాం' అన్న సమాధానమే వచ్చింది. ఈ సమాధానంలో కొంత నిజం లేకపోలేదు. చిన్న చిన్న పనులకు గుత్తేదారులు ముందుకు రారు, పాత బిల్లులు నిలిచిపోయినప్పుడు అసలే రారు. ఆర్థిక సంఘం నిధులలోనూ వెసులుబాటు తక్కువ. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇలాంటి పట్టణాలకు ఇచ్చిన నిధులలో 60 శాతం నీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించినవి. రోజువారీ మరమ్మతులకు చివరకు ఇంటి పన్నే దిక్కు. అయినప్పటికీ ప్రజలు విడిగా చెల్లించిన కోత రుసుమును విడి ఖాతాలో ఉంచి, ఏడాది పొడవునా ఒకే గుత్తేదారుకు నిర్ణీత ధరలకు అప్పగించే మార్గం ఉంది. పైపు లీకుల మరమ్మతులకు ఈ కార్యాలయమే ఆ పద్ధతి పాటిస్తున్నది. కోతలకు ఎందుకు పాటించదో అర్థం కాదు.

రెండో లోపం సమాచారం. రోడ్డు పూర్తయిన తర్వాత ఒప్పందంలో రాసిన లోప బాధ్యత కాలం ముగిసే వరకు అది చెడితే గుత్తేదారే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఆ కాలం ఎప్పటి వరకు ఉన్నదో, పని విలువ ఎంతో, చేసినవారు ఎవరో తెలిపే బోర్డు మా మెయిన్ బజారులో తప్ప మరెక్కడా లేదు. గుత్తేదారు బాధ్యత తీరిపోయాక ప్రజలు ఫిర్యాదు చేస్తే ఆ ఖర్చు మళ్లీ మన పన్ను మీదే పడుతుంది. ఇంత జాగ్రత్తగా పనులు చేయించే అధికారి ఈ చిన్న బోర్డు విషయంలో ఇంత నిర్లిప్తంగా ఉండడం నాకు మింగుడుపడలేదు. శివారు లేఅవుట్ల సంగతి కూడా ఇలాగే ఉంది. అనుమతి లేని లేఅవుట్లలో ఇళ్లు కట్టుకున్నవారికి రుసుములు కట్టమని చెబుతున్నారు, అది సబబే. కాని వారి వాన నీరు ఏ గెడ్డకు పోవాలో ఇప్పుడే గీత గీసి ఉంచకపోతే ఆ దారి మీద కూడా ఇళ్లు లేస్తాయి, తర్వాత కాలువకు చోటే ఉండదు.

ఈ కార్యాలయానికి పని మీద వెళ్లేవారికి కొన్ని మాటలు. ఉదయం పది దాటాక వెళితే ఏఈలు కార్యాలయంలో ఉంటారు, పన్నెండు తర్వాత పనుల దగ్గరకు వెళ్లిపోతారు. దీపం గురించైతే స్తంభం నంబరు, కాలువ గురించైతే దగ్గరి ఇంటి డోర్ నంబరు, ఒక ఫొటో జతచేయండి. నోటి మాటతో చెప్పిన ఫిర్యాదు పుస్తకంలోకి ఎక్కదు. సోమవారం ఫిర్యాదుల రోజు కనుక రద్దీ ఎక్కువ, వేరే రోజు వెళ్లడం మంచిది. మీ వీధికి సీసీ రోడ్డు మంజూరైందని తెలిసిన రోజునే కుళాయి కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టుకోండి. రోడ్డు పడకముందు గొట్టం అంచుకు తెచ్చి పెట్టే పద్ధతి ఇక్కడ ఉంది కనుక కోత రుసుము తప్పుతుంది. ఖాళీ స్థలం ఉన్నవారు కూడా స్థలం పత్రం నకలుతో అడిగితే ఇస్తున్నారు.