వేలికి తొడిగే ఆక్సీమీటర్: మా ఇంటి అనుభవం

2021 మే నెలలో మా ఇంట్లో నలుగురికీ ఒకేసారి కరోనా సోకినప్పుడు నాకు కాఫీ వాసన తెలియలేదు. అమ్మకు జ్వరం లేకుండానే విరేచనాలు, నీరసం మొదలయ్యాయి. తమ్ముడికి రెండు రోజుల గొంతునొప్పితో సరిపోయింది. నాన్నగారు మాత్రం ఆయాసమేమీ లేదంటూ పేపరు చదువుకుంటూనే ఉన్నారు. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే ఈ చిన్న పరికరాన్ని మందుల దుకాణంలో కొని ఆయన చూపుడువేలికి తొడిగి నిమిషంపాటు కదలకుండా ఉంచితే, ఎర్రని అంకెలు 91 దగ్గర ఆగాయి. 94 కంటే తగ్గితే ఆలస్యం చేయకూడదని తెలిసి ఉండడంవల్ల వెంటనే ఆసుపత్రిలో చేర్పించాము, ఆయన కోలుకున్నారు. పైకి కనిపించని ప్రమాదాన్ని పట్టిచ్చిన ఈ పరికరానికి నేను నిజంగా రుణపడి ఉన్నాను.

అయితే చేతులు చల్లబడినా, గోళ్లకు రంగున్నా అంకె తప్పవచ్చు. చామనఛాయ, నలుపు చర్మంపై అసలుకన్నా ఎక్కువ చూపే అవకాశమూ ఉంది. కాబట్టి ఒక్కసారి చూసి నమ్మకుండా, పూటపూటకూ కొలిచి రాసిపెట్టుకోవాలి.