ఏడో తరగతి ఇంగ్లిష్: గ్రామర్ ముందా, సాహిత్యం ముందా?

కడపలో ఇంగ్లిష్ క్లాసు అంటే చాలా చోట్ల టెన్సులు, వాయిస్, రిపోర్టెడ్ స్పీచే. రూల్ చెప్పి వాక్యాలు మార్పించడం పరీక్షకు పనికొస్తుంది, పెద్ద క్లాసులోనూ సాగుతుంది. కానీ అలా నేర్చిన పిల్లలు సొంతంగా రెండు వాక్యాలు రాయమంటే ఆగిపోతారు.

పాత సాహిత్యంతో మొదలుపెడితే టైమ్ ఎక్కువ పడుతుంది, కాలం చెల్లిన మాటలు అడ్డం పడతాయి. అయినా నా ఓటు దీనికే. ఇక్కడే పనిచేసిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఇంగ్లిష్ అనువాదంతో అచ్చువేయించాడు. అందులోంచి పిల్లలకు నోటికొచ్చిన పద్యాలు ఎంచుకుంటే అర్థం కోసం తడుముకోరు. తెలుగులో చివర ఉండే క్రియ ఇంగ్లిష్‌లో కర్త పక్కకు ఎలా జరిగిందో వాళ్లే పట్టుకుంటారు. రూల్ చెప్పాల్సింది అప్పుడు!

స్పెల్లింగులకూ కామాలకూ మాత్రం డ్రిల్లే మేలు.