ఆరు నెలల ఇంటర్వెల్ తర్వాత: మూడో భాగాల్లో ఏది మేలు?

మొన్న ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ మా మేనల్లుడు నాతో తగువేసుకున్నాడు. శని, ఆది రెండు రోజుల్లో, యంత్రాలు మనుషుల్ని కంప్యూటర్ కల్లో బంధించే ఆ 'మ్యాట్రిక్స్' మూడు భాగాలూ ఫోన్లోనే లాగించేశాడు వాడు. "ఏటి మావయ్యా ఇది? ఇంత కథ నడిపి, చివరికి హీరో గెలిచాడో పోయాడో కూడా తేల్చకపోతే ఎలా?" అంటాడు.

ఇంచుమించు ఇదే మాట 2003లో నా పక్క సీట్లోవాడు అన్నాడు. అప్పుడు మేం అయిదుగురం జగదాంబ జంక్షన్ దగ్గర ఒక హాల్లో చూశాం. ఎడమవైపు స్పీకరు సినిమా పొడుగునా గరగరలాడింది. బయటికొచ్చి టీ తాగుతుంటే ఇద్దరు బాగుందన్నారు, ఇద్దరు డబ్బులు దండగన్నారు, అయిదోవాడు ఇంటర్వెల్ తర్వాత నిద్రపోయాడు. ఆ లెక్క ఇప్పటికీ మారలేదు. మూడో భాగం 'మ్యాట్రిక్స్ రెవల్యూషన్స్' మాటెత్తితే అయిదుగురిలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు.

తీర్పు చెప్పేముందు దేనితో పోల్చాలో తేల్చుకోవాలి. అందరూ మొదటి భాగంతో పోల్చి తిడతారు. అది న్యాయం కాదు. 1999లో వచ్చిన మొదటి భాగం దానంతట అదే నిండైన కథ, నాలుగు ఆస్కార్లు కొట్టింది. హీరో నియో ఫోన్ పెట్టేసి ఆకాశంలోకి ఎగిరిన చోట ఆపేస్తే ఏ లోటూ ఉండదు. అలా ఆపేసినవాళ్ళని చాలామందిని చూశాను, హాయిగా ఉన్నారు. మూడో భాగాన్ని తూచాలంటే తక్కెడలో రెండో వైపు మరో మూడో భాగాన్నే పెట్టాలి. అందుకే రెంటిని తెచ్చాను: 1983 నాటి స్టార్ వార్స్ సినిమా 'రిటర్న్ ఆఫ్ ద జెడై', 1990 నాటి 'బ్యాక్ టు ద ఫ్యూచర్ పార్ట్ 3'. మూడింటి క్లైమాక్సులూ చెప్పేస్తున్నాను, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ముందు 'బ్యాక్ టు ద ఫ్యూచర్' సంగతి, ఎందుకంటే మ్యాట్రిక్స్‌తో దానికో విచిత్రమైన పోలిక ఉంది. రెండు చోట్లా మొదటి సినిమా ఒంటరిగా వచ్చి హిట్టయింది. రెండు చోట్లా రెండో, మూడో భాగాలు వెనువెంటనే తీశారు. రెండు చోట్లా రెండో భాగం నడిమధ్యలో తెగి, మూడోది సుమారు ఆరు నెలలకు వచ్చింది. 'బ్యాక్ టు ద ఫ్యూచర్' దర్శకుడు జెమెకిస్ రెండోది 1989 నవంబరు 22న, మూడోది 1990 మే 25న. మ్యాట్రిక్స్ దర్శకులు వచోవ్‌స్కీలు రెండో భాగం 'రీలోడెడ్' 2003 మే 15న, 'రెవల్యూషన్స్' నవంబరు 5న. మన భాషలో చెప్పాలంటే రెండూ ఒక్కో పెద్ద సినిమాయే, మధ్యలో ఆరు నెలల ఇంటర్వెల్. అసలు తేడా అంతా ఆ ఇంటర్వెల్ బ్యాంగు ఎక్కడ వేశారన్న దాంట్లో ఉంది.

జెమెకిస్ వేసిన బ్యాంగు చిన్నది. పిడుగు పడి సైంటిస్టు డాక్టర్ బ్రౌన్ తన టైమ్ మెషీన్ కారుతో సహా మాయమవుతాడు. వానలో తడుస్తూ నిలబడ్డ కుర్ర హీరో మార్టీకి ఒకతను డెబ్భై ఏళ్ళుగా దాచిన ఉత్తరం తెచ్చిస్తాడు. డాక్టర్ 1885లో ఉన్నాడు. అంతే. మూడో భాగంలో ఆ చిన్న ప్రశ్నకి కాస్త భయం కలిపారు: సమాధి రాయి మీద డాక్టర్ పేరుంది, 1885 సెప్టెంబరు 7న ఎనభై డాలర్ల తగువులో చంపేశారని రాసుంది. చూసేవాడికి లెక్క తేలిక. ఆ తేదీలోగా ఆ మనిషిని బయటికి లాగాలి. కాలంలో దూకాలంటే కారు గంటకి 88 మైళ్ళ వేగం అందుకోవాలి, పెట్రోలు లేదు, అందుకని రైలింజను వెనక నుంచి నెట్టాలి. ఈ కథని మా అమ్మకి రెండు నిమిషాల్లో చెప్పగలిగాను, ఆవిడ "ఆ తర్వాత?" అనింది. కథకి అంతకంటే పెద్ద పరీక్ష నాకు తెలీదు.

దానికీ గిట్టనివాళ్ళున్నారు. రెండో భాగంలో ఎగిరే కార్లు, 2015 నాటి హిల్ వ్యాలీ చూపించి, మూడోదంతా గుర్రాలూ తుపాకులూ అయ్యేసరికి సైన్స్ ఫిక్షన్ టికెట్టు కొని కౌబాయ్ సినిమాకి వచ్చామేంట్రా అన్నారు. మాట నిజమే. రైలు సీనొచ్చేదాకా టైమ్ మెషీన్‌కి పెద్ద పని లేదు. (ఆ మరుసటేడు మన సింగీతం వారు 'ఆదిత్య 369'లో రాయల కాలానికీ 2504కీ ఒకే టికెట్టు మీద తిప్పి తెచ్చారు. పార్ట్ టూ అవసరం రాలేదు.) కానీ సినిమా అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పేసి వెళుతుంది. పిరికివాడివంటే చాలు రెచ్చిపోయే మార్టీ, చివర రేసుకి పిలిస్తే కారు వెనక్కి తిప్పుతాడు. టైమ్ మెషీన్ కారు పచ్చడవుతుంది. బాకీ లేదు.

ఇక 'జెడై'. దీనికి ఇంటర్వెల్ మూడేళ్ళు. 1980 నాటి రెండో భాగంలో విలన్ వేడర్ హీరో ల్యూక్‌తో "నేనే నీ తండ్రిని" అన్నది నిజమా అబద్ధమా అని జనం మూడేళ్ళు కొట్టుకున్నారు. నిజమే అని తేల్చాక, మిగిలిన సినిమా సగం బంగారం, సగం ఇత్తడి. ఇత్తడి సగం అందరికీ తెలిసిందే: మొదటి సినిమాలో పేల్చిన డెత్ స్టార్ అనే యుద్ధ స్థావరాన్నే మళ్ళీ కట్టి మళ్ళీ పేల్చడం, టెడ్డీబేర్ల లాంటి ఈవోక్‌లు రాళ్ళూ దుంగలూ విసిరి సామ్రాజ్య సైన్యాన్ని మట్టి కరిపించడం. హీరో స్నేహితుడు హాన్ సోలోని చంపేస్తే బాగుంటుందని ఆ వేషం వేసిన హారిసన్ ఫోర్డ్ అడిగినా స్టార్ వార్స్ సృష్టికర్త లూకస్ ఒప్పుకోలేదు. చివర్లో అందరూ గుంపుగా నవ్వుతుంటే, మన పాత సినిమాల్లో శుభం కార్డుకి ముందు పడే గ్రూప్ ఫోటో గుర్తొస్తుంది.

బంగారం సగం చక్రవర్తి సింహాసనం ముందు జరిగేది. ల్యూక్ తండ్రిని కొట్టి పడేసి, చంపగలిగిన క్షణాన కత్తి విసిరేస్తాడు. అది చూసి తండ్రి మారతాడు. ఈ ఒక్క సీను కోసం ఈవోక్‌లని భరించాను, మళ్ళీ భరిస్తాను.

ఇప్పుడు మనవాడి దగ్గరికి. నియో చేసేదీ అచ్చంగా అదే పని. మ్యాట్రిక్స్‌ని ఆక్రమించిన విలన్ ప్రోగ్రామ్ స్మిత్‌తో వానలో ఒళ్ళు హూనమయ్యేలా కొట్టుకుని, చివర్లో చేతులు దించేస్తాడు. 'జెడై'లో చప్పట్లు పడినచోట 'రెవల్యూషన్స్'లో ఎందుకు పడలేదు? నా లెక్కన కారణం ఒకటే. ల్యూక్ కత్తి విసిరింది నాన్న కోసం. ఆ బంధం మూడేళ్ళ ముందే మన మనసులో పడిపోయింది. నియో చేతులు దించింది యంత్రాలతో చేసుకున్న ఒక ఒప్పందం కోసం. ఆ ఒప్పందం సంగతి మనకి తెలిసి పావుగంటన్నా కాలేదు.

దానికి తోడు 'రీలోడెడ్' వేసిన బ్యాంగు మామూలుది కాదు. మ్యాట్రిక్స్‌ని కట్టిన ఆర్కిటెక్ట్ అనే గడ్డం పెద్దమనిషి కుర్చీలో కూర్చుని, నువ్వు ఆరో విమోచకుడివి నాయనా, నీకు ముందు అయిదుగురొచ్చారు, మనుషులకి మిగిలిన జయాన్ నగరం అయిదుసార్లు నాశనమైంది, ఈ విమోచన కథ కూడా యంత్రాల ఏర్పాటే అంటాడు. అది చాలదన్నట్టు, మ్యాట్రిక్స్ బయట, నిజమనుకున్న లోకంలో నియో చెయ్యెత్తి యంత్రాలని ఆపేస్తాడు. ఆరు నెలలు మేం ఆంధ్రా యూనివర్సిటీ గేటు బయట టీ బడ్డీ దగ్గర అదే గోల. జయాన్ కూడా మ్యాట్రిక్సేనా? కలలో కలా? నవంబరులో వెళ్ళి చూస్తే, ఆ ప్రశ్నని జోస్యం చెప్పే ఒరాకిల్ రెండు ముక్కల్లో దాటేసింది. మిగతాది యుద్ధం. అందులోనూ హీరో ఉండడు. మొదటి భాగంలో మనందరికీ గురువైన మార్ఫియస్ మరొకరు నడిపే ఓడలో పక్కన కూర్చుంటాడు. నాకన్నిటికంటే కోపం తెప్పించింది అదే. నియో ప్రేయసి ట్రినిటీ చావు కూడా అంతే: 'రీలోడెడ్' చివర్లో ఒకసారి చచ్చి బతికిన మనిషి మళ్ళీ చనిపోతూ అంతసేపు మాట్లాడితే, ఏడుపు రావాల్సిన చోట వాచీ చూసుకున్నాం.

ఒరాకిల్ సంగతి మాత్రం వాళ్ళ తప్పు కాదు. ఆ పాత్ర వేసిన గ్లోరియా ఫోస్టర్ 2001లో చనిపోయారు, మేరీ ఆలిస్ వచ్చారు. ఆ మార్పుని కథలోనే కలుపుకున్నారు, కానీ హాల్లో "ఆవిడేనా ఈవిడ?" అని గుసగుసలు చాలాసేపు నడిచాయి.

సినిమాని ఒకే ఘడియకి లోకమంతా వదిలారు. లండన్‌లో మధ్యాహ్నం 2, మాస్కోలో సాయంత్రం 5, టోక్యోలో రాత్రి 11. అంత ఆర్భాటం చేసినా, 'రీలోడెడ్' సుమారు 74 కోట్ల డాలర్లు తెస్తే ఇది 43 కోట్లకి కాస్త ఇటే ఆగింది. రెండోది చూసినవాళ్ళలో బోలెడుమంది మూడోదానికి రాలేదన్నమాట.

ఇన్ని తిట్టాక చెప్పొచ్చేదేంటంటే, ఈ మూడింటిలో నేను మళ్ళీమళ్ళీ పెట్టుకు చూసేది 'రెవల్యూషన్స్' ఆఖరి అరగంటే. ట్రినిటీ, నియో ఓడెక్కి నల్ల మబ్బులు చీల్చుకుని పైకి పోతారు. ఒక్క లిప్తపాటు సూర్యుడు కనిపిస్తాడు. జయాన్ జనం పుట్టి బుద్ధెరిగాక చూడని సూర్యుడు. అంతలోనే కిందకి, యంత్రాల నగరంలోకి. రాత్రిపూట గాజువాక దాటి స్టీల్ ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడితే నాకు అదే గుర్తొస్తుంది. ఆ ఓడల లోపలి ఇరుకు కూడా నాకు కొత్త కాదు. 2002లో మా బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మ్యూజియం చేశారు, అందులో తల వంచుకుని గొట్టాల మధ్య నడిచిన ఏడాదికే ఈ సినిమా చూశాను. మా మేనల్లుడు కూడా దాన్ని చూపించి "అచ్చం ఇలాగే ఉంది" అన్నాడు.

ఇంకోటి. వానలో ఆ కొట్లాట జరుగుతుంటే వెనక కోరస్ ఏం పాడుతోందో 2003లో ఆ గరగర స్పీకర్లో నాకు తెలీలేదు. 'అసతో మా సద్గమయ'. బృహదారణ్యకోపనిషత్తు. రైల్వే స్టేషన్లో నియోకి కర్మ గురించి చెప్పేది కూడా రామ-కాండ్ర (మన రామచంద్రే) అనే పేరున్న ఒక ప్రోగ్రామే, భార్య కమల, కూతురు సతి. ఆఖర్న సూర్యోదయం దిద్దేది ఆ పిల్లే. పాశ్చాత్య ప్రేక్షకులకి ఇదంతా అయోమయంగా ఉండొచ్చు. మనకేం, మృత్యోర్మా అమృతంగమయ అంటూ ఒకడు చావులోకి నడిచి వెళితే అర్థం కాకపోవడానికి?

అయినా నాకు దీని తాళంచెవి ఉపనిషత్తులో దొరకలేదు, పద్యనాటకంలో దొరికింది. మా విజయనగరం వైపు ఊళ్ళల్లో తెల్లార్లూ ఆడే రాయబారం సీన్లు చిన్నప్పుడు చూశాను. నియో యంత్రాల నగరానికి వెళ్ళింది యుద్ధానికి కాదు, రాయబారానికి. సైన్యం లేదు, దారిలో కళ్ళూ పోయాయి, చేతిలో ఉన్నది ఒకే మాట: స్మిత్ మీకూ శత్రువే, వాణ్ణి నేను చూసుకుంటాను, మీరు యుద్ధం ఆపండి. కృష్ణుడి రాయబారం విఫలమై పద్ధెనిమిది రోజుల యుద్ధమొచ్చింది. ఈ రాయబారం ఫలించింది కాబట్టి హీరో గెలుపు కనబడలేదు. సంధిలో గెలిచినవాడు ఉండడు మరి. సైన్స్ ఫిక్షన్‌లో శత్రువుని పేల్చకుండా ముగిసిన మహాయుద్ధాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

కాబట్టి నా మాట ఇది. మూడో భాగంగా, అంటే మిగిలిన ముడులు విప్పే పనిలో, 'బ్యాక్ టు ద ఫ్యూచర్'దే పైచేయి. ఇంట్లో పిల్లలూ పెద్దలూ కలిసి చూడాలంటే అదే పెట్టండి. 'జెడై' ఒక్క సీను సినిమా. ఆ సీను ఇంకెవరికీ రాలేదు, సరే, కానీ దాని చుట్టూ ఉన్నది నాకు ఆనలేదు. తగువులాడుకోవడానికి మాత్రం 'రెవల్యూషన్స్'. దాన్ని విడిగా చూడొద్దు. 'రీలోడెడ్' 138 నిమిషాలు, ఇది 129. రాత్రి భోంచేసి మొదలుపెట్టి, ఆర్కిటెక్ట్ సీను తర్వాత టీ పెట్టుకునేంత ఇంటర్వెల్ ఇచ్చి, ఒకే సినిమాగా చూస్తే సగం ఫిర్యాదులు పోతాయి. మార్ఫియస్ గురించిన ఫిర్యాదు పోదు. 2021లో వచ్చిన నాలుగోదాన్ని నేను ఈ తక్కెడలో పెట్టలేదు. చచ్చినవాళ్ళిద్దరినీ లేపి కూర్చోబెట్టాక ఆ సంధి విలువేంటో నాకు తోచలేదు.

రాయబారం సంగతి చెప్పాక మా వాడు కాసేపు మాట్లాడలేదు. పొట్లం అడుగున మిగిలిన పల్లీలు ఏరుకుంటూ, "మరి ఆ యంత్రాలు మాట మీద ఉంటాయని గ్యారంటీ ఏటి మావయ్యా?" అన్నాడు.

"అది ఆ ఆర్కిటెక్టే అడుగుతాడు కదరా చివర్లో, ఈ సంధి ఎన్నాళ్ళని. ఉండగలిగినన్నాళ్ళు అంటుంది ఒరాకిల్."

"ఆ బెంచీ దగ్గర సీనా? అది వచ్చేసరికి మా అమ్మ అన్నానికి పిలిచింది, ఆపేశాను."